అక్కాచెల్లెళ్ల కోపం... పాటై కరిచింది!

రాక్ సంగీతం అంటే నాకు మొదట్నుంచీ కాస్త బెదురే. త్యాగరాజ కీర్తనలూ, సినిమా పాటలూ తప్ప ఇంకోటి ఎరగని చెవులు నావి. మా అమ్మాయి గదిలోంచి ఆ మోత వినిపిస్తే తలుపు దగ్గరగా వేసేసి వచ్చేదాన్ని. అలాంటిది ఒక పాట మాత్రం నన్ను గుమ్మంలోనే నిలబెట్టేసింది. గుర్రం దౌడు తీస్తున్నట్టు గిటార్... ఆ దౌడు మీద ఒరలోంచి కత్తి లాగినట్టు ఓ ఆడగొంతు. అరుపు కాదది. శ్రుతి తప్పని కోపం!

"ఎవరే ఈవిడ? ఎవరిమీద ఇంత కోపం?" అన్నాను. "అదో పెద్ద కథమ్మా!" అంది మా అమ్మాయి. అని, తన పనిలో తను పడిపోయింది. నాకేమో ఆ కథేమిటో తెలుసుకునేదాకా నిద్రపట్టలేదు.

పాట పేరు 'బారాకుడా'. 1977లో వచ్చింది. బారాకుడా అంటే సముద్రంలో తిరిగే ఓ వేటచేప. సన్నగా, పొడవుగా ఉంటుంది. నోటినిండా సూదుల్లాంటి పళ్లు. కదలకుండా పొంచి ఉండి, ఒక్కసారిగా మీదపడి కరుస్తుంది. పాడినావిడ ఆన్ విల్సన్. పక్కన గిటార్ వాయించింది ఆవిడ చెల్లెలు నాన్సీ. వాళ్ల బృందం పేరు 'హార్ట్'. ఈ అక్కాచెల్లెళ్లు దేశాలు దాటి పేరు తెచ్చుకోవడానికి రెండేళ్లు కూడా పట్టలేదు. ఆ రెండేళ్లలోనే... ఏ ఆడపిల్లా పడకూడని మాట కూడా పడ్డారు.

హార్డ్ రాక్ అంటే ఏమిటని మీరు అడగొచ్చు. నాకు అర్థమైనంతలో చెబుతాను. కరెంటు గిటార్లు గట్టిగా గర్జిస్తాయి. డ్రమ్ములు గుండెల మీద వాయించినట్టుంటాయి. గాయకుడు గొంతు చించుకుని పాడతాడు. గాయకుడు అనే అన్నాను చూశారా! 1970ల్లో ఆ రంగంలో ఎటు చూసినా మగవాళ్లే. సుజీ క్వాట్రో లాంటి వాళ్లు ఒకరిద్దరు లేకపోలేదు. కానీ బృందానికి ముందు నిలబడి పాడేదీ ఆడదే, గిటార్ పట్టుకునేదీ ఆడదే, పాటలు రాసుకునేదీ వాళ్లే అంటే... అప్పటి కంపెనీలకి అదో వింత.

ఆన్ 1950లో పుట్టింది. నాన్సీ 1954లో. వీళ్లకి పైన ఇంకో అక్క కూడా ఉంది. తండ్రి అమెరికా మెరైన్ దళంలో అధికారి. ఇక చెప్పేదేముంది... బదిలీలే బదిలీలు! పనామా, తైవాన్‌లలో కూడా కొన్నాళ్లు ఉన్నారు. ఎక్కడా స్నేహితులు నిలవరు కాబట్టి అక్కాచెల్లెళ్లకి అక్కాచెల్లెళ్లే స్నేహితులు. ప్రయాణాల్లో కారులో కూచుని అందరూ కలిసి పాడుకునేవారట. చివరికి సియాటిల్ నగరం పక్కన బెల్‌వ్యూ అనే ఊళ్లో స్థిరపడ్డారు. తండ్రి సైన్యం వదిలేసి బళ్లో ఇంగ్లీషు టీచరయ్యాడు.

ఆన్‌కి చిన్నప్పుడు నత్తి. పైగా బొద్దుగా ఉండేది. ఇంక బళ్లో పిల్లలు ఊరుకుంటారా? కానీ విచిత్రమేమిటంటే, మాటకి అడ్డొచ్చే నత్తి పాటకి అడ్డొచ్చేది కాదు. పన్నెండేళ్లప్పుడు జబ్బుచేసి మూడునెలలు బడికి వెళ్లలేకపోయింది. మంచం మీద పొద్దుపోవడం లేదని వాళ్లమ్మ ఒక గిటార్ కొనిపెట్టింది. కొన్నది అక్కకి... పట్టుకుని వదలనిది చెల్లెలు! చెల్లెళ్లతో ఉన్న చిక్కే అది కదా.

1964 ఫిబ్రవరిలో ఇంగ్లండు నుంచి బీటిల్స్ కుర్రాళ్లు నలుగురూ అమెరికా టీవీలో కనిపించారు. దేశంలో ఆడపిల్లలంతా వాళ్లని పెళ్లాడాలని కలలుగన్నారు. విల్సన్ ఇంటి పిల్లలు మాత్రం తామే బీటిల్స్ అయిపోవాలనుకున్నారు. ఆ ఒక్క తేడా చాలు, తర్వాత కథంతా అర్థం కావడానికి!

ఆన్ కాస్త పెద్దయ్యాక సియాటిల్ చుట్టుపక్కల కుర్రాళ్లు పెట్టుకున్న ఒక బృందంలో చేరింది. అందులో గిటార్ వాయించే రోజర్ ఫిషర్‌కి మైక్ అని అన్న ఉన్నాడు. వియత్నాం యుద్ధం రోజులవి. సైన్యంలో చేరమని పిలుపొస్తే వెళ్లడం ఇష్టంలేక మైక్ సరిహద్దు దాటి కెనడా వెళ్లిపోయాడు. తమ్ముణ్ని చూడటానికి చాటుగా వచ్చినప్పుడు ఆన్ కంటపడ్డాడు. అంతే. మెరైన్ అధికారి కూతురు యుద్ధం తప్పించుకున్నవాడి వెంట కెనడాలోని వాంకూవర్ వెళ్లిపోయింది. 'ఇంటికొచ్చెయ్యవే' అని ఫోనులో బతిమాలే తల్లి, 'రాలేనమ్మా' అనే కూతురు... తర్వాత ఆన్ రాసిన 'మ్యాజిక్ మ్యాన్' పాట అదే. ఆ పాట విన్న ప్రతిసారీ నాకు కూతురికంటే ఫోనుకి అటువైపున్న తల్లే గుర్తొస్తుంది. వయసు ప్రభావం కాబోలు!

ఆన్ వెనకే మిగతా బృందమూ వాంకూవర్ చేరింది. నాన్సీ 1974లో కాలేజీ వదిలి వచ్చి వాళ్లతో కలిసింది. క్లబ్బుల్లో రాత్రిళ్లు పాడటమే బతుకు. తాగేవాళ్లు తాగుతుంటారు, అరిచేవాళ్లు అరుస్తుంటారు. జనం అడిగే పాటలే పాడాలి. వీళ్లు ఇంగ్లండు బృందం లెడ్ జెపెలిన్ పాటలు ఎంత బాగా పాడేవారంటే, 'పిల్ల జెపెలిన్' అని పేరు కూడా పెట్టేశారు. (ఆ ముచ్చట ఇక్కడే చెప్పేస్తాను. 2012 డిసెంబరులో వాషింగ్టన్‌లోని కెన్నెడీ సెంటర్‌లో లెడ్ జెపెలిన్‌కి సన్మానం చేశారు. వాళ్ల ఎదుటే వాళ్ల పాట పాడింది ఈ అక్కాచెల్లెళ్లే. అసలు గాయకుడు రాబర్ట్ ప్లాంట్ కళ్లలో నీళ్లు తిరగడం టీవీలో లక్షలమంది చూశారు.)

వాంకూవర్‌లో మష్రూమ్ రికార్డ్స్ అని ఒక చిన్న కంపెనీ ఉండేది. మష్రూమ్ అంటే పుట్టగొడుగు. పేరుకి తగ్గట్టే ఉంది అనుకున్నాను, తర్వాత వాళ్లు చేసిన పని చదివాక! మైక్ ఫ్లికర్ అనే ప్రొడ్యూసర్ వీళ్ల తొలి ఎల్పీని అక్కడే తయారుచేశాడు. పేరు 'డ్రీమ్‌బోట్ యానీ'. 1975లో ముందు కెనడాలో మాత్రమే విడుదలైంది. అప్పట్లో కెనడాలో ఒక నియమం ఉండేది. రేడియో స్టేషన్లు వేసే పాటల్లో ఇంతవంతు కెనడావే అయి ఉండాలని 1971 నుంచి అమలు చేస్తున్నారు. పక్కనున్న అమెరికా పాటల హోరులో తమవాళ్ల గొంతు వినపడకుండా పోతుందని వాళ్ల బాధ. అందుకే దేశంలో తయారైన రికార్డు అంటే రేడియోవాళ్లు కాస్త చెవి ఒగ్గి వినేవారు.

అయినా చేతిలో డబ్బులు మాత్రం లేవు. ఆ ఏడాది అక్టోబరులో కాల్గరీలోని ఒక క్లబ్బులో వీళ్లని పనిలోంచి తీసేశారు. ఇప్పుడేం చేయాలిరా దేవుడా అనుకుంటూ ఉంటే ఫోను! దేశానికి ఆ చివరనున్న మాంట్రియల్‌లో రాడ్ స్టువర్ట్ కచేరీ ఉంది, ముందు కాసేపు పాడటానికి రాగలరా అని. రాడ్ స్టువర్ట్ అంటే అప్పటికే పెద్ద పేరు. వెళ్లారు. వేలమంది పట్టే హాలు. మమ్మల్ని ఎవరు ఎరుగుదురులే అనుకుంటూ స్టేజీ ఎక్కారు. పాట మొదలుపెట్టగానే జనం కేకలు! అగ్గిపుల్లలు, లైటర్లు వెలిగించి పట్టుకున్నారు. సంగతేమిటంటే, ఆ ఊరి రేడియో కొంతకాలంగా వీళ్ల పాటలు మోగిస్తోంది. ఆ సంగతి పాడినవాళ్లకే తెలీదు! పొద్దున క్లబ్బువాడికి పనికిరానివాళ్లు రాత్రికి రాత్రి పనికొచ్చేశారు అన్నట్టుంది ఇది చదివితే.

మొదటి కొన్ని నెలల్లోనే కెనడాలో 30 వేల కాపీలు పోయాయి. 1976 మొదట్లో అమెరికాలో విడుదల చేశారు. 'మ్యాజిక్ మ్యాన్' అక్కడి పాటల జాబితాలో 9వ స్థానానికి ఎక్కింది. 'క్రేజీ ఆన్ యూ' సముద్రం దాటి నెదర్లాండ్స్‌లో కూడా మోగింది. ఈ పాట మొదట్లో నాన్సీ ఒక్కతే, మామూలు చెక్క గిటార్ మీద, వేళ్లు కనిపించనంత వేగంగా వాయిస్తుంది. రాగాలాపన అనుకోండి! ఆ తర్వాతే మిగతా వాద్యాలన్నీ మీదపడతాయి. ఎల్పీ అమెరికాలో 7వ స్థానం దాకా వెళ్లింది. పది లక్షల కాపీలు దాటింది.

సరిగ్గా ఇక్కడే మొదలైంది అసలు చిక్కు.

ఆ ఎల్పీ అట్ట మీద అక్కాచెల్లెళ్లిద్దరూ వీపుకి వీపు ఆనించి, భుజాలు కనిపించేలా దిగిన ఫోటో ఉంటుంది. అందంగానే ఉంటుంది. అందులో దాచుకోవాల్సిందేమీ లేదు. అమ్మకాలు బాగున్నాయి, ఇంకా పెంచాలి... ఏం చేద్దామని ఆలోచించిన కంపెనీవాళ్లకి ఒక దిక్కుమాలిన తెలివి పుట్టింది. 1976 చివర్లో పేజీ నిండా ఒక ప్రకటన ఇచ్చారు. చవకబారు పత్రికల మొదటి పేజీలా తయారుచేయించారు దాన్ని. భుజాలు కనిపించే ఫోటో వేసి, కింద ఇద్దరూ అన్నట్టుగా ఒక వాక్యం. ఆ వాక్యం ఇక్కడ రాయడం నాకిష్టం లేదు. అక్కాచెల్లెళ్ల మధ్య అనరాని సంబంధం ఉందన్నట్టు ధ్వనించే మాట అది. ఒక్క ముక్కా నిజం లేదు. వాళ్లని అడగనూ లేదు.

ఆలోచించండి. ఆ ఇద్దరూ వేలమంది ముందు గిటార్ వాయించి, గొంతెత్తి పాడి, సొంతంగా రాసుకున్న పాటలతో పది లక్షల రికార్డులు అమ్మించారు. అదంతా కంపెనీకి ఆనలేదు. భుజాలు ఆనాయి!

ఆ ప్రకటన వచ్చాక ఒక కచేరీ అయ్యింది. ఆన్ స్టేజీ దిగి వచ్చింది. రికార్డులకి రేడియోల్లో ప్రచారం చేసిపెట్టే మనిషి ఒకడు దగ్గరికొచ్చి, 'మీ ప్రియుడెలా ఉన్నార'న్నట్టు అడిగాడు. మైక్ గురించి అనుకుని ఆన్ మామూలుగానే జవాబు చెప్పబోయింది. వాడు అడిగింది మైక్ గురించి కాదు. నాన్సీ గురించి! ఆ సంగతి ఒక క్షణం ఆలస్యంగా తలకెక్కింది.

ఆ ఒక్క క్షణం ఆలస్యం ఉందే... అది నాకు బాగా తెలుసు. మీకూ తెలిసే ఉంటుంది. బస్సులోనో ఆఫీసులోనో ఎవడో నవ్వుతూ ఏదో అంటాడు. మర్యాదకి మనమూ నవ్వుతాం. నాలుగడుగులు వేశాక గానీ ఆ మాటకి అర్థం తెలీదు. అప్పుడు ఒళ్లు మండుతుంది. కానీ అన్నవాడు వెళ్లిపోయి ఉంటాడు. వాడిమీద కంటే ఎందుకు నవ్వానా అని మనమీద మనకే ఎక్కువ కోపమొస్తుంది.

ఆన్ హోటల్ గదికి వెళ్లి తలుపేసుకుంది. కాగితం తీసుకుంది. పైకి తియ్యగా మాట్లాడుతూ పొంచి ఉండి కరిచే వాళ్లందరికీ కలిపి ఒక చేప పేరు పెట్టింది. నాన్సీకి చెబితే తనకీ అంతే మండింది. పాట మెట్లు తనూ అల్లింది. గుర్రం దౌడు లాంటి ఆ గిటార్ మోత రోజర్ ఫిషర్‌ది. ఏడిస్తే ఎవరో ఓదార్చి ఊరుకునేవారేమో. పత్రికలకి ఉత్తరం రాస్తే మూలన ఎక్కడో వేసేవారేమో. పాటైంది కాబట్టి అమెరికా అంతా రేడియోల్లో మోగింది. జాబితాలో 11వ స్థానానికి వెళ్లింది. తమాషా ఏమిటంటే, ఆ పాటని రేడియోల్లో వేయించినవాళ్లు కూడా అలాంటి ప్రచారం మనుషులే కదా!

ఈలోగా డబ్బుల గొడవా మొదలైంది. ఇంత అమ్ముడయ్యాక మా వంతు పెంచండని బృందం అడిగింది. కంపెనీ ససేమిరా అంది. ప్రొడ్యూసర్ ఫ్లికర్ కూడా కంపెనీతో పడక బయటికొచ్చేశాడు. ఆయన చేతుల మీదుగా పని జరగాలని కాంట్రాక్టులో ఉంది, ఆయనే లేనప్పుడు మేమెందుకు ఉండాలని వీళ్లు వాదించారు. పెద్ద సంస్థ సీబీఎస్‌కి చెందిన పోర్ట్రెయిట్ అనే కంపెనీలో చేరి, 1977 మే నెలలో 'లిటిల్ క్వీన్' ఎల్పీ తెచ్చారు. 'బారాకుడా' అందులోదే.

మష్రూమ్‌వాళ్లు ఊరుకుంటారా? మాకు ఇంకో ఎల్పీ బాకీ ఉన్నారన్నారు. వాళ్ల దగ్గర సగం సగం రికార్డు చేసిన పాటలు కొన్ని మిగిలున్నాయి. గొంతు సరిచేయనివి, ఇంకా మెరుగులు పెట్టనివి. వాటికి ఎప్పుడో క్లబ్బులో పాడిన పాటలు కలిపి 'మ్యాగజైన్' అనే పేరుతో మార్కెట్లోకి వదిలేశారు! బృందం సహకారం లేకుండా పూర్తిచేయాల్సి వచ్చిందని అట్ట మీద ఒక మాట వేసి చేతులు దులుపుకున్నారు. సగం ఉడికిన పప్పు ఊరందరికీ వడ్డించి, వండింది ఫలానా ఆవిడేనని వీధిలో బోర్డు పెడితే ఎలా ఉంటుంది? నాకైతే ఆ ప్రకటన కంటే ఇదే పెద్ద అవమానమనిపించింది. మా అమ్మాయి ఒప్పుకోదు. ప్రకటనే ఘోరం అంటుంది. ఈ విషయం మీద మా ఇద్దరికీ రెండురోజులు వాదన నడిచింది. ఒంటి గురించి అన్నమాట అబద్ధమని తేలితే పోతుంది, పని గురించి వచ్చిన చెడ్డపేరు పోదు అని నా పాయింటు. అన్నమాట ఎక్కడికీ పోదమ్మా అని దానిది.

సరే, కథ సియాటిల్ కోర్టుకెక్కింది. బజారులో ఉన్న కాపీలు వెనక్కి తెప్పించమన్నారు. చివరికి రాజీ కుదిరింది. కొత్త కంపెనీలో ఉండటానికి వీళ్లకి హక్కుంది, కానీ పాత కంపెనీకి ఆ ఒక్క ఎల్పీ మాత్రం పూర్తిచేసి ఇవ్వాలి. అలా ఎవరిమీదైతే పాట రాశారో ఆ కంపెనీ కోసమే మళ్లీ స్టూడియోకి వెళ్లి కూచున్నారు. పాత టేపులు వీళ్లెక్కడ చెరిపేస్తారోనని పక్కన ఒక కాపలా మనిషి! అతని ఎదుటే తమ పాటలు తామే మళ్లీ సరిగ్గా పాడుకున్నారు. పగపట్టినవాడి కోసం చేస్తున్నాం కదా, ఏదో అయిందనిపిద్దాంలే అనుకోలేదు. 1978 ఏప్రిల్‌లో ఆ రెండో 'మ్యాగజైన్' విడుదలై అదీ పది లక్షలు దాటింది. అంతకు ఒక నెల ముందే, మార్చిలో, కాలిఫోర్నియా జామ్ అనే పెద్ద సంగీతోత్సవంలో వీళ్లు పాడారు. ఎదురుగా లక్షల్లో జనం.

ఇంత జరిగాక ఇంక వాళ్లని ఎవరూ ఏమీ అని ఉండరనుకుంటున్నారా? 1980ల్లో వీడియోల కాలం వచ్చింది. బిగుతు దుస్తులు, గోపురాల్లాంటి జుట్టు, పొడవాటి మడమల చెప్పులు. ఆన్ లావవుతోందని కెమెరాని ఆమె మొహం దగ్గరే ఆపేసేవారు. లేకపోతే నీడలో నిలబెట్టేవారు. చెల్లెల్ని ముందుకు తోసేవారు. గొంతు మాత్రం అక్కది! 1987లో 'అలోన్' అనే పాట అమెరికాలో మొదటి స్థానానికి వచ్చినప్పుడు కూడా అంతే. ఈ సంగతులన్నీ అక్కాచెల్లెళ్లు 2012లో 'కికింగ్ అండ్ డ్రీమింగ్' అనే పుస్తకంలో రాసుకున్నారు. అందం కోసం ఇద్దరి మధ్యా పోటీ పెట్టాలని చుట్టూ ఎంతమంది చూశారో! 2013లో ప్రతిష్ఠాత్మకమైన రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పాత బృందమంతా మళ్లీ కలిసినప్పుడు, వాయించడానికి ఎంచుకున్న పాట 'క్రేజీ ఆన్ యూ'. నాన్సీ చెక్క గిటార్ ఆలాపనతో మొదలయ్యేదే.

'బారాకుడా' కథ ఇంకాస్త మిగిలింది. 2008లో అమెరికా ఎన్నికల్లో రిపబ్లికన్ పార్టీ ఉపాధ్యక్ష పదవికి సారా పేలిన్ అనే ఆవిణ్ని నిలబెట్టింది. చదువుకునే రోజుల్లో బాస్కెట్‌బాల్ ఆటలో ఆవిడ దూకుడు చూసి తోటివాళ్లు 'సారా బారాకుడా' అని పిలిచేవారట. ఇంకేం, పార్టీవాళ్లు మహాసభలో ఆవిడకి స్వాగతంగా ఈ పాటే మోగించారు! ఆడవాళ్లని సరుకులా చూసినవాడి మీద మండి రాసిన పాట, మా అనుమతి లేకుండా వాడొద్దని విల్సన్ అక్కాచెల్లెళ్లు కబురు పంపారు. అయినా సభ ముగింపు రోజున మళ్లీ మోగింది. హాలుకి పాటల లైసెన్సు ఉందన్నారు. మరి పాటలో వాటాదారైన పాత గిటారిస్టు రోజర్ ఫిషర్ ఏమన్నాడో తెలుసా? ఎంతో సంతోషమన్నాడు. వాళ్లు పాట మోగించినందుకు తన వంతు డబ్బులొస్తాయి కదా... అందులో కొంత తీసి ఎదుటి పార్టీ అభ్యర్థి ఒబామాకి చందా ఇస్తానన్నాడు!